గాలి 13 ఉండాలా, 24 ఉండాలా: డ్రాగ్ రేడియల్స్ తెచ్చిన ఇంటి తగువు

డాలస్ శివార్లలో ఉంటున్న ఒక పాఠకురాలు తన పేరు ప్రచురించవద్దని కోరుతూ సుదీర్ఘమైన ఉత్తరం రాశారు. గుంటూరు నుంచి ఉద్యోగరీత్యా వెళ్లి టెక్సాస్‌లో స్థిరపడిన ఆమెకు కార్లంటే చిన్నప్పటినుంచీ ఇష్టం. 2018 నాటి ఫోర్డ్ మస్టాంగ్ జీటీ, పది గేర్ల ఆటోమేటిక్, ఆమె సొంత కారు. ఎన్నిస్ పట్టణంలోని టెక్సాస్ మోటర్‌ప్లెక్స్‌లో ఎవరి కారు వారు తెచ్చుకొని డ్రాగ్ రేసింగ్ చేసే, అంటే నిలిచిన చోటునుంచి పావు మైలు నేరుగా పరుగెత్తించుకునే సాయంత్రాలు జరుగుతుంటాయి. వాటికి ఆమె, భర్త, మరిది కలిసి వెళ్తారు. నడిపేది ఆమె, మిగతా ఇద్దరూ సాయం. ఆమె పుట్టినరోజుకు భర్త వెనక చక్రాలకు 17 అంగుళాల రిమ్ములు, 305/45ఆర్17 కొలత ఉన్న డ్రాగ్ రేడియల్ టైర్లు (ఈ పరుగులకోసం చేసినా రోడ్డు మీద కూడా నడపగలిగేవి) కొనిపెట్టారు. పాత టైర్లతో మొదటి 60 అడుగులు దాటడానికి 2.1 సెకన్లు పట్టేది. కొత్తవాటితో అది 1.8కి దిగుతుందని ముగ్గురూ ఆశపడ్డారు. భర్త చెప్పినట్టు టైర్లలో గాలి ఒత్తిడి 24 పీఎస్‌ఐ పెట్టి ఒక మధ్యాహ్నం వెళ్తే 2.05 వచ్చింది. మరిది చెప్పినట్టు 13కి దించి మరో రోజు రాత్రి వెళ్తే 2.15 అయింది. రెండుసార్లూ పావు మైలు చివర వేగం గంటకు 114 మైళ్లే, మొత్తం సమయం 12.6 సెకన్ల దగ్గరే.

అసలు బాధ ఆ తర్వాత రాశారు. అన్నదమ్ములిద్దరూ ఇప్పుడు భోజనాల దగ్గర కూడా టైర్ల మాట వస్తే ముఖాలు తిప్పుకుంటున్నారు. భర్త పైకి ఏమీ అనరు కానీ కానుక వృథా అయిందన్న దిగులు ఆయనలో కనిపిస్తోంది. మరిది మాత్రం "వదినా, నువ్వు భయపడి యాక్సిలరేటర్ పూర్తిగా తొక్కడం లేదు" అంటున్నాడు. నిజానికి పచ్చదీపం వెలగగానే ఆమె పూర్తిగానే తొక్కుతున్నారట. అప్పుడు వెనక నుంచి దడదడమని శబ్దం వచ్చి కారంతా అదురుతోంది. 13 పీఎస్‌ఐతో వెళ్లిన రాత్రి ట్రాక్ చివర వెనక భాగం అటూ ఇటూ ఊగినట్టు కూడా అనిపించింది. "వీళ్లిద్దరిలో ఎవరిది సరైన లెక్క? తప్పు నా కాలిదా, టైరుదా? ఎవరికీ చెప్పకుండా స్లిక్స్ (ట్రాక్ మీదే వాడే నున్నటి టైర్లు) కొనేసి గొడవ వదిలించుకుందామా అని ఉంది" అని ఉత్తరం ముగించారు.

మీ ఉత్తరంలో అంకెలన్నీ ఇంత వివరంగా ఉండటం వల్ల నా పని సులువైంది. ముందుగా మీ ఇంట్లో వాదన గురించి చెబుతాను. మీ భర్తదీ, మీ మరిదిదీ ఇద్దరి లెక్కా సరైనదే, కాకపోతే ఇద్దరూ మీ కారుకు లేని టైరు గురించి మాట్లాడుతున్నారు. 12, 13 పీఎస్‌ఐ అన్నది లోపలి దారపు పొరలు ఏటవాలుగా ఉండే బయాస్ ప్లై స్లిక్స్‌కు వాడే అంకె. 24, అంతకు పైన అన్నది మామూలు రోడ్డు టైర్లతో ట్రాక్‌కు వచ్చేవాళ్లు కాస్త గాలి దించినప్పుడు మిగిలే అంకె. మీ దగ్గరున్న డ్రాగ్ రేడియల్ ఈ రెండింటికీ చెందదు. దాని స్వభావం వేరు, దానికి కావలసిన గాలి వేరు, దాన్ని కదిలించే పద్ధతి కూడా వేరు.

మీ మరిది ఆ 13 అంకె ఎక్కడ పట్టుకున్నాడో ఊహించగలను. డ్రాగ్ రేసింగ్‌లో అతి వేగమైన తరగతి అయిన టాప్ ఫ్యూయెల్ కార్లు బయలుదేరే క్షణాన్ని నెమ్మదిగా చూపించే వీడియోల్లో వెనక టైరు పక్కభాగం చీర కుచ్చిళ్లలా ముడతలు పడటం కనిపిస్తుంది. 17.5 అంగుళాల వెడల్పున్న ఆ టైర్లలో గాలి 7 పీఎస్‌ఐకి అటూ ఇటూ మాత్రమే ఉంటుంది. బయాస్ టైరులో దారపు పొరలు ఒకదానికొకటి అడ్డంగా ఏటవాలుగా అల్లి ఉంటాయి కాబట్టి పక్కభాగం మెత్తగా మడత పడి, ఇంజన్ ఒక్కసారిగా కొట్టే దెబ్బను కాసేపు తనలో దాచుకొని, తర్వాత నేలకు అప్పగిస్తుంది. అది కొంచెం జారినా మళ్లీ పట్టు దొరకబుచ్చుకుంటుంది. అందుకే దాన్ని మొరటుగా నడిపినా క్షమిస్తుంది. రేడియల్‌లో పొరలు అడ్డంగా నేరుగా ఉంటాయి, నేలను తాకే ట్రెడ్ కింద ఉక్కు తీగల పట్టీ ఉంటుంది. ఆ పట్టీ వల్ల టైరు ముఖం బల్లపరుపుగా నిలబడి గట్టి పట్టు ఇస్తుంది, వేగంలో పెద్దగా ఉబ్బదు, కారు ఊగకుండా నిటారుగా పోతుంది. కానీ ఒకసారి పట్టు తప్పి తిరగడం మొదలుపెట్టిందంటే, మీరు యాక్సిలరేటర్ మీద కాలు తగ్గించేదాకా సాధారణంగా తిరిగి పట్టుకోదు. ఈ ఒక్క తేడా తెలిస్తే మీ ఉత్తరంలోని చాలా చిక్కులు వాటంతటవే విడిపోతాయి. టైరు ఏ జాతిదో పక్కభాగం మీదే రాసి ఉంటుంది: 305/45ఆర్17లో "ఆర్" అంటే రేడియల్. బయాస్ స్లిక్ మీదైతే అంగుళాల కొలతలు ఉండి, రిమ్ము సైజుకు ముందు చిన్న గీత ఉంటుంది.

ఇప్పుడు బరువు లెక్క చూద్దాం. మీరు కూర్చున్నాక కారు బరువు సుమారు 3,900 పౌండ్లు అనుకుందాం. నిలబడి ఉన్నప్పుడు అందులో సగం కంటే కొంచెం తక్కువ, 1,800 పౌండ్ల దాకా, వెనక చక్రాల మీద ఉంటుంది. కారు భూమ్యాకర్షణతో సమానమైన త్వరణంతో ముందుకు దూకితే, దాని బరువు కేంద్రం నేలకు సుమారు 20 అంగుళాల ఎత్తులో ఉందనుకుంటే, చక్రాల మధ్య దూరం 107 అంగుళాలు కాబట్టి మరో 700 పౌండ్ల పైచిలుకు భారం ముందు నుంచి వెనక్కి మారుతుంది. అంటే ఒక్కో వెనక టైరు 1,250 పౌండ్లు మోయాలి. గాలి ఒత్తిడితో దాన్ని భాగిస్తే నేలను తాకే వైశాల్యం స్థూలంగా తెలుస్తుంది: 24 పీఎస్‌ఐ దగ్గర 52 చదరపు అంగుళాలు, 18 దగ్గర దాదాపు 70. ఇదే లెక్కలో 13కి వెళ్తే 96 రావాలి, కానీ రాదు. అంత గాలి తక్కువైనప్పుడు భారాన్ని అంచుల దగ్గర పక్కగోడలు మోస్తాయి, ఉక్కు పట్టీ ఉన్న మధ్యభాగం నేల నుంచి కొద్దిగా లేచిపోతుంది. మీరు 24 నుంచి 13కి దించినా పట్టు పెరగకపోవడానికి, ట్రాక్ చివర 114 మైళ్ల వేగంలో వెనక భాగం ఊగడానికి ఇదే కారణమని నా అభిప్రాయం. ఆ ఊగడాన్ని తేలిగ్గా తీసుకోవద్దు. మీ కారు బరువుకు, ఈ జాతి టైరుకు మొదలుపెట్టవలసిన చోటు 18 నుంచి 20 మధ్య. అక్కడినుంచి అర పీఎస్‌ఐ చొప్పున కదలాలి. టైరు తయారీదారు కనీస ఒత్తిడి ఏదైనా చెప్పి ఉంటే దానికంటే కిందికి వెళ్లవద్దు.

ట్రాక్‌లో ఇచ్చే సమయాల చీటీ, మీ టైమ్ స్లిప్, కూడా ఒక సంగతి స్పష్టంగా చెబుతోంది. పావు మైలు చివర వేగం ప్రధానంగా ఇంజన్ శక్తిని, కారు బరువును బట్టి ఉంటుంది. మొత్తం సమయం మాత్రం మొదట్లో పట్టు దొరికిందా లేదా అన్నదాన్ని బట్టి బాగా మారిపోతుంది. 114 మైళ్లు రెండు సాయంత్రాలూ మారలేదంటే ఇంజన్‌కు ఏ జబ్బూ లేదు. 460 అశ్వశక్తి దాని పని అది చేస్తోంది. 60 అడుగుల దగ్గర పదో వంతు సెకను ఆదా చేస్తే చివర ఒకటిన్నర నుంచి రెండు పదో వంతులు ఆదా అవుతాయని డ్రాగ్ రేసర్లు లెక్కగట్టుకుంటారు. ఆ ప్రకారం 2.1 నుంచి 1.8కి రాగలిగితే మీ 12.6 కాస్తా 12.1 చుట్టుపక్కలకు వస్తుంది. ఇంకో రకంగా చెప్పాలంటే, 2.15 సెకన్లలో 60 అడుగులు అంటే సగటు త్వరణం భూమ్యాకర్షణలో 80 శాతం. అంతమాత్రం మంచి రోడ్డు టైరు కూడా ఇస్తుంది. అంటే మీ డ్రాగ్ రేడియల్ దాని అసలు పని ఇంకా మొదలుపెట్టనే లేదు.

అయితే 24తో 2.05 వచ్చింది, 13తో 2.15 వచ్చింది కాబట్టి 24 నయమని మీ భర్త గెలిచినట్టు కూడా కాదు. ఒకటి మధ్యాహ్నం, ఒకటి రాత్రి. టెక్సాస్ మోటర్‌ప్లెక్స్ 1986లో పావు మైలు పొడవునా కాంక్రీటుతో కట్టిన ట్రాక్. దానిమీద రబ్బరు పరిచి, జిగురు మందు చల్లి పట్టు తయారు చేస్తారు. ఆ పొర ఎండకు మరీ వేడెక్కితే జిడ్డుగా జారుతుంది, మరీ చల్లబడితే బిగుసుకుంటుంది. మీ ముందు నడిచిన కార్ల మీద కూడా ఆ పొర స్థితి ఆధారపడి ఉంటుంది. పైగా ఆ రెండు రోజుల్లో మీరు మార్చింది గాలి ఒక్కటే కాదు. బర్నౌట్ (పరుగుకు ముందు టైర్లను వెచ్చబరచడానికి వెనక చక్రాలను ఉన్నచోటే తిప్పడం) రెండోరోజు ఎక్కువసేపు చేశామని, బ్రేకు తొక్కిపట్టి ఇంజన్‌ను 2,500 ఆర్‌పీఎం (నిమిషానికి ఇంజన్ తిరిగే చుట్లు) దాకా లేపామని మీరే రాశారు. ఇన్ని మారాక ఏది ఏం చేసిందో ఎవరూ చెప్పలేరు. ఒకే సాయంత్రం, ఒకే లేన్‌లో, ఒక పరుగుకు ఒక్కటే మార్చి చూడటం తప్ప దీనికి దగ్గరి దారి లేదు.

మొదట తెలుసుకోవలసింది టైరు ఎక్కడ జారుతోంది అన్నది. కదిలిన మొదటి అడుగులోనే జారితే ఒక కారణం, 20, 30 అడుగులు పట్టుకొని వెళ్లాక జారితే మరో కారణం, రెండో గేరు పడగానే జారితే ఇంకో కారణం. మొదటి అడుగులోనే జారడమంటే దాదాపు ఎప్పుడూ టైరు చల్లగా ఉండటమో, గాలి ఎక్కువ ఉండటమో, దెబ్బ మరీ ఒక్కసారిగా తగలడమో అవుతుంది. కొంత దూరం పట్టి తర్వాత వదిలేస్తే వెనక షాక్ అబ్జార్బర్లు కారు వెనక భాగాన్ని తిరిగి పైకి లేపి చక్రం మీది భారాన్ని తీసేస్తున్నాయని అనుమానించాలి. అది గాలితో తీరే సమస్య కాదు. గేరు మారేటప్పుడు జారితే కాలితోనో, గేరు మారే వేగం తగ్గించడంతోనో సరిచేసుకోవచ్చు. జారడం అని మనం అనుకునేది ఒక్కోసారి జారడమే కాదు: చక్రాలు జారకుండా చూసే ట్రాక్షన్ కంట్రోల్ పూర్తిగా ఆగకపోతే కంప్యూటర్ మధ్యలో శక్తి కోసేస్తుంది, కారు గొంతు పట్టేసినట్టు నీరసపడుతుంది. ఇంజన్ ఆర్‌పీఎం పైకి ఎగబాకితే అది జారడం, కిందికి పడితే ఇది. స్టీరింగ్ పట్టుకున్న మీకు ఆ రెండు సెకన్లలో ఇవన్నీ తెలియవు. గోడ అవతల ప్రేక్షకులను అనుమతించే చోట నిలబడి, వెనక టైరునే దగ్గరగా చూపిస్తూ, నెమ్మదిగా ఆడించే వీడియో తీస్తే తెలుస్తుంది.

బర్నౌట్ విషయంలో కొంచెం గట్టిగానే చెబుతాను. టైర్లు తడపడానికి స్టార్టింగ్ లైన్‌కు ముందు ఉండే నీళ్ల గుంట మధ్యలోంచి నేరుగా నాలుగు చక్రాలూ పోనిచ్చి, పొగ కమ్ముకునేదాకా వెనక చక్రాలు తిప్పుతున్నామని రాశారు. ముందు టైర్ల గాళ్లలో నిలిచిన నీళ్లు మీతోపాటు స్టార్టింగ్ లైన్‌కు వచ్చి, సరిగ్గా మీ వెనక టైర్లు నిలబడే చోట కారతాయి. మీ తర్వాత వచ్చేవాడికీ అదే తిప్పలు. గుంట పక్కనుంచి ముందుకు వెళ్లి, వెనక చక్రాలను మాత్రమే వెనక్కి తెచ్చి తడిపి, గుంట అంచు దాటి దాదాపు పొడి నేలకు వచ్చాక తిప్పండి. మీ కారులో ముందు బ్రేకులను మాత్రమే పట్టి ఉంచే లైన్ లాక్ కంపెనీ నుంచే వచ్చింది కాబట్టి వెనక బ్రేకులు అరగదీయనక్కరలేదు. డ్రాగ్ రేడియల్‌కు పలచటి పొగ కనిపించగానే ఆపేయడం చాలు, రెండు మూడు సెకన్లకు మించి అవసరం ఉండదు. ఉద్దేశం పైపొరను శుభ్రం చేసి వెచ్చబరచడమే. ఎక్కువసేపు తిప్పితే రబ్బరు మరీ వేడెక్కి జిడ్డుబారుతుంది, లోపలి గాలి ఒత్తిడి పెరిగి మీరు కష్టపడి పెట్టిన అంకె తప్పుతుంది. పెద్ద పొగ వీడియోకు బాగుంటుంది. సమయానికి మాత్రం అది పనికిరాదు.

గాలి కొలవడానికి పెట్రోలు బంకులో దొరికే, వంద దాకా అంకెలున్న గేజ్ వద్దు. 0 నుంచి 30 దాకా మాత్రమే చూపే గేజ్ ఒకటి కొని, ఎప్పుడూ దాన్నే వాడండి. అది నిజానికి అర పీఎస్‌ఐ తప్పు చూపినా ఫరవాలేదు, ప్రతిసారీ అదే తప్పు చూపితే చాలు. 18 దగ్గర టైరు ఉష్ణోగ్రత 10 డిగ్రీల ఫారన్‌హీట్ మారితే ఒత్తిడి అర పీఎస్‌ఐ పైన మారుతుంది. కాబట్టి మధ్యాహ్నం ఇంట్లో కొలిచి రాత్రి ట్రాక్ మీద నమ్మకూడదు. వరుసలో వేచి ఉన్నప్పుడు పడమటి ఎండ ఒకవైపు టైరు మీదే పడితే ఎడమ కుడి టైర్ల మధ్య తేడా వచ్చేస్తుంది. చాలామంది గుడ్డో అట్టో అడ్డం పెట్టేది అందుకే. పరుగు ముగిసి తిరిగి రాగానే వేడి మీద ఒకసారి కొలిచి రాసుకోండి. ట్రెడ్ మీద అడ్డంగా తెల్లటి బూటు పాలిష్ గీత గీసి, బయలుదేరాక అది ఎక్కడ చెరిగిందో చూస్తే గాలి ఎక్కువో తక్కువో తెలిసిపోతుంది: మధ్యలో మాత్రమే చెరిగితే ఎక్కువ, అంచుల్లో మాత్రమే చెరిగితే తక్కువ, వెడల్పంతా ఒకేలా చెరిగితే మీరు సరైన చోట ఉన్నారు. స్టార్టింగ్ లైన్ దగ్గర మీ టైర్లు వదిలిన నల్లటి చారలు కూడా ఇదే సంగతి చెబుతాయి కానీ వాటిని వెంటనే చూడాలి, తర్వాతి కారు చెరిపేస్తుంది.

ఇక మీ కాలి గురించి. మీ మరిది అనుకుంటున్నదానికి ఇది పూర్తిగా వ్యతిరేకం: మీరు భయపడటం కాదు, మరీ ధైర్యంగా తొక్కుతున్నారు. 2,500 దగ్గర బ్రేకు మీద నిలిపి పచ్చదీపానికి ఒక్కసారిగా నేలకు అదిమితే స్లిక్ ఓర్చుకుంటుంది, రేడియల్ ఓర్చుకోదు. బావిలోంచి నిండు చేద తోడేటప్పుడు తాడులో వదులు ముందు తీసేసి, బరువు చేతికి తెలిశాకే లాగుతాం. ఇక్కడా అంతే. బ్రేకు మీద 1,200, 1,500 మధ్య నిలిపితే గేరుపెట్టె నుంచి చక్రం దాకా ఉన్న వదులు పోతుంది. దీపం వెలిగాక యాక్సిలరేటర్‌ను ఒకే కుదుపులో కాకుండా సుమారు ఒక సెకను వ్యవధిలో నేల దాకా తీసుకెళ్లండి. ఈలోగా ఆ 700 పౌండ్లు వెనక్కి చేరతాయి, టైరు మీద భారం పెరిగాకే పూర్తి శక్తి దానికి అందుతుంది. అలా శుభ్రంగా పట్టు దొరికిన పరుగు ఒకటి వచ్చాక, ప్రతి పరుగుకు 200 ఆర్‌పీఎం చొప్పున పెంచుతూ ఎక్కడ జారడం మొదలవుతుందో చూసుకొని ఒక మెట్టు వెనక్కి రండి. పచ్చదీపానికి మీరు స్పందించిన సమయం వేరే లెక్క, అది 60 అడుగుల అంకెలో కలవదు. ముందు చక్రం స్టార్టింగ్ లైన్ దగ్గరి కాంతిరేఖను వదిలాకే గడియారం మొదలవుతుంది. కాబట్టి సాధన రోజుల్లో దీపంతో పోటీ పెట్టుకోకుండా నిదానంగా కదలండి. స్త్రీలు భయపడతారన్న మాటకు ఈ ఆటలో ఎన్నడో జవాబు దొరికింది. 1977లోనే షర్లీ మల్డౌనీ అమెరికా డ్రాగ్ రేసింగ్ సంఘం ఎన్‌హెచ్‌ఆర్‌ఏ టాప్ ఫ్యూయెల్ ఛాంపియన్ అయ్యారు, తర్వాత మరో రెండుసార్లు ఆ పట్టం గెలిచారు. ఆ మాట మరిదికి చెప్పాలా వద్దా అన్నది మీ ఇష్టం.

ఆ దడదడ శబ్దం మాత్రం వెంటనే పట్టించుకోవలసిన విషయం. టైరు పట్టుకొని, సస్పెన్షన్‌లోని రబ్బరు బుష్‌లు మెలిపడి, ఆ మెలిక ఒక్కసారిగా విడిపోయి టైరు వదిలేసి, మళ్లీ పట్టుకోవడం సెకనుకు చాలాసార్లు జరుగుతుంటే ఆ అదురు వస్తుంది. దీన్నే వీల్ హాప్ అంటారు. 2015 నుంచి మస్టాంగ్‌లో వెనక చక్రాలకు స్వతంత్ర సస్పెన్షన్ వచ్చింది. రోడ్డు మీద హాయిగా ఉండే ఆ మెత్తదనమే ఇక్కడ ఇబ్బంది పెడుతుంది. అదురు మొదలవగానే కాలు పూర్తిగా తీసేయండి, ఆ పరుగు పోతే పోయింది. మొండిగా తొక్కుతూ పోతే చక్రాలకు శక్తి అందించే హాఫ్ షాఫ్ట్‌లు విరగవచ్చు, కారు అడ్డం తిరగవచ్చు కూడా. నెమ్మదిగా తొక్కే పద్ధతి, 18 పైన గాలి రెండూ కుదిరితే ఇది చాలావరకు తగ్గవచ్చు. తగ్గకపోతే వెనక సస్పెన్షన్‌ను మోసే సబ్‌ఫ్రేమ్ కదలకుండా బిగించే బుష్‌లు, బ్రేస్‌లు వేయించే మార్గం ఉంది. కాకపోతే గట్టి బుష్‌లతో రోడ్డు మీద కారు లోపల మోత పెరుగుతుంది, ఇంకా వారంటీ మిగిలి ఉంటే దానిమీద ప్రభావం ఏమిటో ముందే అడిగి తెలుసుకోవాలి.

స్లిక్స్ కొనడం చెడ్డ ఆలోచన కాదు, కానీ మీరు అనుకుంటున్నంత తేలిక కూడా కాదు. మంచి వైపు చెప్పాలంటే, కాలి తప్పులను అవి క్షమిస్తాయి, మెత్తటి పక్కగోడ వల్ల హాఫ్ షాఫ్ట్‌ల మీద పడే దెబ్బా తగ్గుతుంది, ఈ కారుతో 60 అడుగుల సమయం తగ్గడానికి బహుశా అవే అతి దగ్గరి దారి. రెండోవైపు చూస్తే, వాటిని వేసుకొని రోడ్డు మీదికి రాకూడదు. అంటే ప్రతిసారీ ట్రాక్ దగ్గర చక్రాలు మార్చాలి, అవి మోసుకెళ్లడానికి మరో బండి కావాలి. వెనక బయాస్, ముందు రేడియల్ కలిసినప్పుడు పైవేగంలో కారు మెలికలు తిరిగే గుణం ఉంది. మీకు ఇప్పటికే ట్రాక్ చివర ఊగిన అనుభవం ఉంది కాబట్టి దీన్ని ఆలోచించాలి. నిబంధనల సంగతి కూడా ఉంది: ఎన్‌హెచ్‌ఆర్‌ఏ నియమాల ప్రకారం 13.99 సెకన్లు, అంతకన్నా తక్కువలో పరుగెత్తే కారుకు స్నెల్ వంటి భద్రతా ముద్ర ఉన్న హెల్మెట్ ఎలాగూ తప్పదు. అదే కారుకు స్లిక్స్ వేస్తే డ్రైవ్‌షాఫ్ట్ లూప్ (ఆ షాఫ్ట్ విరిగితే కింద పడకుండా పట్టి ఉంచే వలయం) కూడా ఉండాలి. రోడ్డు టైర్లతోనైతే 11.49 దాకా దాని అవసరం రాదు. మీ 12.6కి ఇది నేరుగా వర్తిస్తుంది కాబట్టి, డబ్బు కట్టేముందు ట్రాక్‌లో తనిఖీ చేసేవారిని అడగండి. ఇంత హంగామా ఉన్న వస్తువును ఎవరికీ తెలియకుండా ఇంట్లోకి తేవడం ఎలాగూ కుదరదు. అంతకంటే ముఖ్యంగా, మీ భర్త ఇచ్చిన కానుకను ఒక్కసారి కూడా సరైన గాలితో నడపకుండానే పక్కన పెట్టినట్టవుతుంది.

ఏమీ కొనకుండా ఉన్న టైర్లతోనే ఒక పూర్తి సాయంత్రం గడపడం మరో మార్గం. దీనికి ఖర్చు ఒక గేజ్, ప్రవేశ రుసుము. ఓపిక మాత్రం కావాలి, అయిదారు పరుగులు దొరికే తక్కువ రద్దీ రోజు ఎంచుకోవాలి, మొదటి రెండు పరుగులు నిరాశపరచవచ్చు. ఫలితం 1.8 దాకా వస్తుందని హామీ ఇవ్వలేను కానీ, 1.9 దగ్గరికి రాకపోతే గాలి, కాలు కాకుండా సస్పెన్షన్‌ను అనుమానించాలని తెలుస్తుంది. అప్పుడు పెట్టే ఖర్చు దేనికి పెడుతున్నారో తెలిసి పెడతారు. నన్ను అడిగితే ఇదే ముందు చేయమంటాను. అయినా వేసవి ఎండల్లో ఈ పరీక్షలన్నీ విసుగనిపించి, స్లిక్సే నయమని మీరు తేల్చుకుంటే అదీ తప్పు కాదు, పైన చెప్పినవన్నీ తెలిసి తేల్చుకోండి.

అన్నదమ్ముల సంగతికి నా సూచన ఇది. ఇద్దరినీ ఒకే అంకె మీద ఒప్పించడానికి ప్రయత్నించకండి, ఎవరు తప్పో తేల్చనూ వద్దు. ఇద్దరి పనులూ విడదీయండి. గేజ్, నోటుపుస్తకం మీ భర్త చేతిలో ఉండాలి: పరుగుకు ముందు గాలి, తర్వాత గాలి, ట్రాక్ ఉష్ణోగ్రత, బ్రేకు మీద నిలిపిన ఆర్‌పీఎం, 60 అడుగుల సమయం, చివరి వేగం ఆయన రాయాలి. మీ మరిది కెమెరాతో వెనక టైరును మాత్రమే చూడాలి, మీ ముఖాన్ని కాదు. ఏ పరుగుకు ఏం మార్చాలన్నది స్టీరింగ్ పట్టుకునే మీరు నిర్ణయించాలి, అదీ ఒక్కటే మార్చాలి. అంకెలు కాగితం మీదికి వచ్చాక వాదించుకోవడానికి ఎక్కువ మిగలదు. మరిది ఇంకా 13 అనే పట్టుబడితే అతన్నే ఒక పరుగు నడపమని అడగవచ్చు కదా అని మీకు అనిపించవచ్చు. ఆ గాలితో మాత్రం ఎవరినీ నడపనివ్వకండి.

ఇంటికి తిరిగి వచ్చేముందు వెనక టైర్లలో గాలి మళ్లీ రోడ్డుకు తగిన ఒత్తిడికి, కారు తలుపు దగ్గర రాసి ఉన్న అంకెకు, నింపుకోవడం మరచిపోవద్దు. చిన్న కంప్రెసర్ ఒకటి డిక్కీలో ఉంచుకోండి. ఎన్నిస్ నుంచి డాలస్ దాకా హైవే మీద 18 పీఎస్‌ఐతో వస్తే టైరు లోపల వేడెక్కి దెబ్బతింటుంది. ఆ టైర్లకు గాళ్లు తక్కువ కాబట్టి వాన పడితే వేగం బాగా తగ్గించి రండి, జోరువానైతే ఆగి వెళ్లండి. ఒక సాయంత్రం ఇలా చేశాక కూడా అదురు తగ్గకపోతే, ఆ నోటుపుస్తకంలోని పేజీలను, టైరు వీడియో చూసి అది ఎన్ని అడుగుల దగ్గర జారిందన్న వివరాన్ని రాసి పంపండి. సస్పెన్షన్‌లో ముందు ఏ భాగం చూడాలో అప్పుడు చెప్పగలుగుతాను.